డై కొనే ముందు కాల్చిన కేసును కొలవండి

కాల్చిన రైఫిల్ తూటా ఖాళీ ఇత్తడి గొట్టాన్ని (కేసు) సరిచేసి, అందులో కొత్త ప్రైమర్ (అడుగున నిప్పు పుట్టించే చిన్న గిన్నె), పౌడర్, బుల్లెట్ (ముందుకు ఎగిరిపోయే గుండు) పెట్టి మళ్లీ తూటా చేయడమే రీలోడింగ్. కేసును ప్రెస్‌లో నొక్కి కొలతకు తెచ్చే ఉక్కు అచ్చే డై. ఈ పని చేద్దామనుకునేవాళ్లు మొదట అడిగేది ఒకటే: ఏ కంపెనీ డై కొనాలి? రెడ్డింగా, ఆర్‌సీబీఎస్సా, ఫార్‌స్టరా, హార్నడీయా, లేక చవకలో వచ్చే లీ సరిపోతుందా? నన్నడిగితే కంపెనీ పేరు చివర్లో తేల్చుకోవాల్సిన విషయం. ముందు తేలాల్సినవి మూడు. మీ రైఫిల్ చాంబర్ (తూటా కూర్చునే గది) అసలు ఎంత పొడవుంది? ఆ రైఫిల్ బోల్ట్ యాక్షనా (చాంబర్‌ను వెనకనుంచి మూసే బోల్ట్‌ను ప్రతిసారీ చేత్తో నడిపేది), సెమీ ఆటోమేటిక్కా (తర్వాతి తూటాను తనే ఎక్కించుకునేది), లివర్ యాక్షనా (ట్రిగ్గర్ దగ్గరి లివర్‌తో నడిపేది)? ఆ తూటా చాంబర్లో దేనిమీద ఆని నిలబడుతుంది: షోల్డర్ మీదా (కేసు ఒళ్లు నెక్ అనే సన్నటి మెడలోకి తిరిగే వాలు), అడుగున పొడుచుకొచ్చిన రిమ్ మీదా, నోటి అంచు మీదా? ఈ మూడూ తెలిస్తే ఏ రకం డై కావాలో దానంతటదే తేలిపోతుంది. తెలియకపోతే ఎంత ఖరీదైన డై అయినా మంచి ఇత్తడి కేసును నాలుగుసార్లలో చెత్తబుట్టకు చేరుస్తుంది.

ఇదంతా అమెరికాలో ఉంటూ వేటకో, టార్గెట్ షూటింగ్‌కో రైఫిల్ పట్టిన తెలుగువాళ్ల కోసం. ఇండియాలో లైసెన్సు లేకుండా ఇంట్లో తూటాలు తయారుచేయడం ఆయుధాల చట్టం కింద నేరం. అక్కడ ఇది పనికొచ్చే హాబీ కాదు. అమెరికాలోనూ హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఫెడరల్ చట్టం వాళ్లకు తుపాకీతో పాటు తూటాలు కూడా దగ్గర ఉంచుకోవడాన్ని నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి. ఆ చట్టం లెక్కలో తూటా అంటే తయారైన తూటా ఒక్కటే కాదు. ఖాళీ కేసు, ప్రైమర్, బుల్లెట్, పౌడర్ విడివిడిగా ఉన్నా తూటాలే. స్నేహితుడు ఇచ్చాడని ఓ డబ్బా ఖాళీ ఇత్తడి ఇంటికి తెచ్చుకునే ముందు మీ వీసా సంగతి లాయరుతో మాట్లాడుకోండి. డై మాత్రం ఉక్కు పనిముట్టే, దానిమీద ఏ ఆంక్షా లేదు.

ఇక పనిలోకి. తూటా పేలగానే ఇత్తడి కేసు ఉబ్బి చాంబర్ గోడలకు అతుక్కుంటుంది, ఒత్తిడి తగ్గగానే కొంచెం వెనక్కి ముడుచుకుంటుంది. కాబట్టి కాల్చిన కేసు మీ చాంబర్‌కు దాదాపు అచ్చు. సైజింగ్ డై పని దాన్ని మళ్లీ చాంబర్లో పట్టేంత, బుల్లెట్‌ను నెక్ బిగించి పట్టుకునేంత నొక్కడం. అంతకు మించి ఒక్క థౌ నొక్కినా ఇత్తడికి నష్టమే. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు; ఇక్కడ లెక్కంతా దాంట్లోనే.

అందుకే డై కంటే ముందు కొనాల్సింది ఒక ఆరంగుళాల కాలిపర్ (సన్న కొలతలు తీసే పనిముట్టు), దాని దవడకు బిగించి కేసు అడుగు నుంచి షోల్డర్ దాకా పొడవు కొలిచే హెడ్‌స్పేస్ కంపారేటర్. కంపారేటర్‌తో వచ్చే బుషింగుల్లో (రంధ్రమున్న ఉంగరాలు) షోల్డర్ వాలు మధ్యలో ఆనేదాన్ని ఎంచుకోవాలి. తూటా రకాన్ని బట్టి .308 విన్‌చెస్టర్‌కూ 6.5 క్రీడ్‌మూర్‌కూ 0.400 అంగుళాల బుషింగ్, .30-06కు 0.375ది, .223 రెమింగ్టన్‌కు 0.330ది. కొలిచే ముందు వాడేసిన ప్రైమర్‌ను ఊడదీయాలి, దాని అంచు పైకి లేచి ఉంటే కొలత తప్పు చూపిస్తుంది. మీ రైఫిల్లోనే కాల్చిన అయిదారు కేసులు కొలిచి, అన్నిటికంటే పొడవైనదాన్ని రాసిపెట్టుకోండి. అందులో వచ్చే అంకె స్వతహాగా ముఖ్యం కాదు, ఒక కంపారేటర్‌కూ ఇంకో కంపారేటర్‌కూ అది మారుతుంది. కాల్చిన కేసుకూ సైజ్ చేసిన కేసుకూ మధ్య తేడా మాత్రమే మనకు కావాలి. ఇంకో మాట: ఫ్యాక్టరీ తూటా మొదటిసారి కాల్చినప్పుడు షోల్డర్ ఒక్కోసారి చాంబర్‌ను పూర్తిగా తాకదు. షోల్డర్‌ను పెద్దగా వెనక్కి నొక్కకుండా రెండోసారి, మూడోసారి కాల్చాక మళ్లీ కొలిస్తే అసలు పొడవు తెలుస్తుంది.

ఇప్పుడు చాలా డై పెట్టెల్లో ఉండే సూచన చూడండి: డైని షెల్‌హోల్డర్‌కు (ప్రెస్‌లో కేసు అడుగును పట్టుకునే ముక్క) తాకేదాకా దింపి, ఇంకో పావు చుట్టు బిగించండి. కొత్తవాళ్లు వేసే మొదటి తప్పటడుగు ఇదే అని నా గట్టి నమ్మకం. డై మీది మర వ్యాసం 7/8 అంగుళం, అంగుళానికి 14 చుట్లు. ఒక పూర్తి చుట్టుకు డై 71 థౌలు దిగుతుంది, పావు చుట్టుకు దాదాపు 18. ఒక్క థౌ దించాలంటే 5 డిగ్రీలు తిప్పితే చాలు, గడియారంలో నిమిషాల ముల్లు ఒక గీత నుంచి పక్క గీతకు జరిగేదానికంటే తక్కువ. డై అప్పటికే షెల్‌హోల్డర్‌కు తాకింది కాబట్టి ఆ పావు చుట్టంతా కేసు మీద పడదు, ప్రెస్ వంగుబాటును అది మింగేస్తుంది. కానీ ఫలితం ఏమిటంటే డై కేసును నొక్కగలిగినంతా నొక్కేస్తుంది. డై చేసేవాళ్లు అనుమతించిన అతి పొట్టి చాంబర్లో కూడా కేసు పట్టేలా డైని కోస్తారు. మీ చాంబర్ పొడుగువైపు ఉంటే షోల్డర్ అవసరమైనదానికంటే ఆరేడు థౌలు వెనక్కి పోతుంది.

పోతే ఏమవుతుంది? ప్రైమర్‌ను కొట్టే ఫైరింగ్ పిన్ తగలగానే పొట్టిగా ఉన్న కేసు ముందుకు జరుగుతుంది. పేలగానే పల్చటి ముందు గోడలు చాంబర్‌కు కరుచుకుంటాయి. అడుగు భాగం మందంగా ఉంటుంది, అది కరుచుకోదు. బోల్ట్‌కు తగిలేదాకా వెనక్కి తోసుకుపోతుంది. ఈ రెండింటి మధ్య, మందం ముగిసి గోడ పల్చబడే చోట ఇత్తడి సాగుతుంది. సైజ్ చేసిన ప్రతిసారీ మళ్లీ పొట్టిగా నొక్కుతారు, కాల్చిన ప్రతిసారీ అక్కడే మళ్లీ సాగుతుంది. కొన్నాళ్లకు బయట అడుగుకు కొంచెం పైన కేసు చుట్టూ ఒక మెరిసే గీత కనిపిస్తుంది. పేపర్ క్లిప్‌ను సాగదీసి, కొసను చిన్న కొక్కెంలా వంచి, మొన తేల్చి కేసు లోపల అడుగు నుంచి గోడ వెంట పైకి లాగి చూడండి. మొన ఎక్కడైనా గాడిలో తగులుకుంటే ఆ కేసు అయిపోయింది. శ్రావణంతో నొక్కి చప్పిడి చేసి పారేయండి, ఎవరూ ఏరుకుని మళ్లీ వాడకుండా. ఇంకోసారి వాడితే అది చాంబర్లోనే రెండు ముక్కలై, వేడి గ్యాస్ వెనక్కి ముఖంమీదికి వస్తుంది.

సరైన పద్ధతి ఓపికతో కూడింది. డైని షెల్‌హోల్డర్‌కు తాకించి, అరచుట్టు పైకి తిప్పండి. కేసుకు సైజింగ్ లూబ్ (డైలో ఇరుక్కోకుండా రాసే జిడ్డు) పల్చగా రాసి నొక్కండి, తుడిచి కొలవండి. అంకె తగ్గకపోగా కాల్చినప్పటికంటే పెరిగి కనిపిస్తుంది. కంగారు పడొద్దు: డై ముందు కేసు ఒంటిని పక్కలనుంచి నొక్కుతుంది, ఆ ఇత్తడికి వేరే దారిలేక షోల్డర్‌ను ముందుకు తోస్తుంది. ఇంకాస్త దింపాక డై పైభాగం షోల్డర్‌ను తాకి వెనక్కి నొక్కడం మొదలవుతుంది. అక్కడినుంచి కొంచెం కొంచెంగా దింపుతూ, కాల్చిన కొలతకంటే 2 థౌలు తగ్గగానే ఆగండి. బోల్ట్ యాక్షన్‌కు ఒకటి నుంచి రెండు థౌలు, సెమీ ఆటోకు మూడు నుంచి నాలుగు. కేసు డై లోపల ఉండగా, ర్యామ్ (కేసును డైలోకి తోసే ప్రెస్ కడ్డీ) పైకెత్తి ఉండగా లాక్ రింగ్ (డైని కదలకుండా ఆపే ఉంగరం) బిగిస్తే డై నిటారుగా కూర్చుంటుంది. అడ్డంగా స్క్రూతో బిగిసే చీలిక రింగు అన్నిటికంటే మంచిది. మరల మీద నేరుగా గుచ్చుకునే సెట్ స్క్రూ అయితే దాని కింద చిన్న సీసపు గుండో నైలాన్ ముక్కో ఉండాలి, లేకపోతే మర చెడుతుంది. డైని కదపకుండా కొలత మార్చాలంటే రెడ్డింగ్ వాళ్ల కాంపిటీషన్ షెల్‌హోల్డర్లు అయిదు వస్తాయి, రెండేసి థౌల తేడాతో 2 నుంచి 10 దాకా. రెండు రైఫిళ్లకు ఒకే డై వాడేవాళ్లకు అవి నిజంగా ఉపయోగం.

సైజింగ్ లూబ్ తక్కువైతే కేసు డైలో ఇరుక్కుంటుంది, రిమ్ తెగి ఊడిపోతుంది. ఎక్కువైతే షోల్డర్ మీద నూనె సొట్ట పడుతుంది. కార్బైడ్ డై అయితే లూబ్ అక్కర్లేదన్న మాట పిస్టల్ తూటాలకు చెల్లుతుంది; సీసా మెడ రైఫిల్ కేసుకు కార్బైడ్ అయినా లూబ్ తప్పదు.

ఇంతదాకా చెప్పింది కేసు మొత్తాన్నీ నొక్కే ఫుల్ లెంగ్త్ డై గురించి. నెక్ మాత్రమే నొక్కే నెక్ సైజింగ్ డై కొనండని సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ చాలామంది. కేసు ఒళ్లు ముట్టకపోతే అది చాంబర్‌కు అచ్చుగా ఉండి గురి బాగుంటుందని, ఇత్తడి ఎక్కువకాలం వస్తుందని వాళ్ల వాదన. వినడానికి సబబే. కానీ మూడు నాలుగు కాల్పుల తర్వాత కేసు ఒళ్లు, షోల్డర్ చాంబర్‌కు ఇరుగ్గా తయారై బోల్ట్ మూయడానికి బలం కావాల్సి వస్తుంది. అప్పుడు ఎలాగూ ఫుల్ లెంగ్త్ చేయాలి. అంటే మొదటిసారి కేసు ఒకలా, మూడోసారి ఇంకోలా, అయిదోసారి మరోలా. ప్రతి కేసూ ఒకేలా ఉండాలన్నదే గురికి మూలమైతే, ఈ పద్ధతి దానికే ఎదురు పోతుంది. రెండు థౌలు మాత్రమే నొక్కేలా బిగించిన ఫుల్ లెంగ్త్ డై అటు ఇత్తడినీ కాపాడుతుంది, ఇటు ప్రతిసారీ ఒకే కొలత ఇస్తుంది. వేటలో బోల్ట్ బిగుసుకుపోయే పరిస్థితి అసలు రానివ్వదు.

నెక్ సైజింగ్‌లో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది లీ కొలెట్ డై ఒక్కటే. అది నెక్‌ను లోపలున్న మాండ్రెల్ అనే నున్నటి కడ్డీ మీదికి చుట్టూ నొక్కుతుంది. లూబ్ అక్కర్లేదు, లోపలినుంచి లాగే ఉండ లేదు, నెక్ వంకర పోదు. దీనికి రెడ్డింగ్ బాడీ డై తోడైతే, అది ఒంటినీ షోల్డర్‌నూ సరిచేసి నెక్‌ను వదిలేస్తుంది. 6.5 క్రీడ్‌మూర్ బోల్ట్ రైఫిల్‌కు ఈ జోడీ పెద్ద పేరున్న మ్యాచ్ డైలకు ఏమాత్రం తీసిపోదు.

నెక్‌ను నొక్కే ఉంగరాన్ని (బుషింగ్) మార్చుకోగలిగే బుషింగ్ డైల విషయం వేరు. మామూలు డై నెక్‌ను అవసరానికి మించి నొక్కి, తర్వాత ఎక్స్‌పాండర్ ఉండతో లోపలినుంచి లాగి తెరుస్తుంది. రెండుసార్లు పనిచేయడంతో ఇత్తడి గట్టిపడుతుంది, ఆ లాగుడుకు నెక్ పక్కకు వంగుతుంది. బుషింగ్ డైలో నెక్ ఎంత నొక్కాలో మీరే నిర్ణయిస్తారు. తయారైన తూటా నెక్ బయటి వ్యాసం కొలవండి, 0.336 వచ్చిందనుకోండి, బోల్ట్ రైఫిల్‌కు 0.334 బుషింగ్, సెమీ ఆటోకు 0.333. అయితే ఇక్కడో మెలిక ఉంది. కంపెనీ మారితే ఇత్తడి మందం మారుతుంది, మందం మారితే బుషింగ్ మారాలి. రేంజిలో ఏరుకున్న కలగాపులగం కేసులకు బుషింగ్ డై డబ్బు దండగ. నెక్ గోడ ఒకవైపు మందంగా ఉంటే ఆ తేడా లోపలికి పోయి బుల్లెట్ పట్టు కూడా ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఒకే లాట్ మంచి కేసులు వంద ఉన్నవాళ్లకే అది. మిగతావాళ్లు మామూలు డైలో ఎక్స్‌పాండర్ ఉండ తీసేసి, వేరే మాండ్రెల్ డైతో పైనుంచి లోపలికి తోసి నెక్ తెరిస్తే సమస్యలో చాలామటుకు తీరిపోతుంది. మాండ్రెల్ బుల్లెట్‌కంటే 2 థౌలు సన్నంగా ఉండాలి: .308కు 0.306, 6.5కు 0.262. ఆ పనీ వద్దనుకుంటే కనీసం నెక్ లోపల నైలాన్ బ్రష్‌తో కాస్త గ్రాఫైట్ రాయండి.

తూటాను బట్టి ఎంపిక ఎలా మారుతుందో చూద్దాం. ఏఆర్-15 అనే సెమీ ఆటో రైఫిల్లో .223ది మొదటి కథ. బోల్ట్ యాక్షన్లో చేత్తో బలంగా మూయొచ్చు. ఇక్కడ బోల్ట్‌ను మూసేది బఫర్ స్ప్రింగే. కేసు కొంచెం ఇరుగ్గా ఉన్నా బోల్ట్ సగంలో ఆగుతుంది. కాబట్టి నెక్ సైజింగ్ ఊసే వద్దు. స్మాల్ బేస్ డై తప్పనిసరి అంటారు, అది అడుగు దగ్గర ఒకటి రెండు థౌలు ఎక్కువ నొక్కుతుంది. మీ రైఫిల్లోనే కాల్చిన ఇత్తడికి అది అక్కర్లేదు, మామూలు ఫుల్ లెంగ్త్ చేసి కేస్ గేజ్‌లో (చాంబర్ కొలతకు కోసిన గొట్టం) వేస్తే దిగిపోతుంది. ఇంకొకరి రైఫిల్లోనో, పెద్ద చాంబర్ ఉన్న మిలటరీ మెషిన్‌గన్‌లోనో కాలిన కేసులు గేజ్‌లో దిగకపోతే అప్పుడు కొనండి. నెక్ పట్టు (బుల్లెట్‌కంటే నెక్ ఎంత ఇరుకో ఆ తేడా) 3 థౌలు ఉండాలి, లేకపోతే తూటా మ్యాగజీన్ నుంచి ఎగిరి ఫీడ్ ర్యాంప్‌కు (తూటాను చాంబర్లోకి నడిపే వాలు) తగిలినప్పుడు బుల్లెట్ లోపలికి కూరుకుపోతుంది, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. ప్రైమర్, పౌడర్ లేని డమ్మీ తూటా చేసి, రైఫిల్లోకి ఫీడ్ చేసి, ముందూ వెనకా పొడవు కొలిచి చూసుకోండి.

.223 పక్కనే .300 బ్లాకౌట్ కూడా చేసేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. రెండింటి కేసుల అడుగు ఒకటే, షెల్‌హోల్డర్ ఒకటే, మ్యాగజీన్ ఒకటే. .300 బ్లాకౌట్ తూటా .223 చాంబర్లో ఇరుక్కుని కాలితే రైఫిల్ పగులుతుంది. డైలకు రంగు గుర్తులు వేయండి, ఒక తూటా పని పూర్తిచేసి బెంచీ ఖాళీ చేశాకే రెండోదాని డబ్బా తెరవండి.

లివర్ యాక్షన్ .30-30 విన్‌చెస్టర్‌ది ఇంకో లోకం. దీనికి మైక్రోమీటర్ మ్యాచ్ డైలు దండగ. కావాల్సింది మంచి క్రింప్, అంటే బుల్లెట్ జారకుండా కేసు నోటిని దానిమీదికి నొక్కడం. తూటాలు గొట్టం మ్యాగజీన్‌లో ఒకదాని వెనక ఒకటి వరుసగా, స్ప్రింగ్ ఒత్తిడిలో ఉంటాయి. క్రింప్ సరిగా లేకపోతే బుల్లెట్ కేసులోకి జారిపోతుంది. బుల్లెట్‌ను కేసులో కూర్చోబెట్టే సీటింగ్ డైలోనే క్రింప్ కూడా ఒకే దెబ్బకు చేస్తే, బుల్లెట్ ఇంకా దిగుతుండగానే నోటి అంచు దాన్ని గీరుతుంది, పల్చటి షోల్డర్ కుంగి ఉబ్బుతుంది, ఆ తూటా చాంబర్లో పట్టదు. రెండు విడతల్లో చేయండి, లేదా లీ ఫ్యాక్టరీ క్రింప్ డై విడిగా పెట్టుకోండి. అంచును లోపలికి మడిచే రోల్ క్రింప్ పూర్తిగా కేసు పొడవు మీద ఆధారపడుతుంది. గరిష్ఠం 2.039 అంగుళాలు, అన్నిటినీ 2.029కి కోసి సమానం చేశాకే డై బిగించాలి. మొన ఉన్న గట్టి బుల్లెట్లు ఈ గొట్టంలో ఎప్పుడూ పెట్టకూడదు, ముందున్న తూటా ప్రైమర్‌ను పొడుస్తాయి.

.300 విన్‌చెస్టర్ మాగ్నమ్‌కు అడుగున బెల్టు అనే ఉబ్బెత్తు పట్టీ ఉంటుంది, ఫ్యాక్టరీ తూటా దానిమీద ఆని నిలబడుతుంది. రీలోడ్ చేసేటప్పుడు బెల్టును మరిచిపోయి, .308 లాగే షోల్డర్ కొలతతో డై బిగించండి. బెల్టును నమ్ముకుని డైని పూర్తిగా దింపితే ఈ కేసులు మూడు నాలుగు కాల్పులకే అడుగు దగ్గర చీలతాయి. బెల్టుకు సరిగ్గా పైన మామూలు డై అందుకోలేని చిన్న ఉబ్బు మిగులుతుంది. కొన్ని కాల్పుల తర్వాత బోల్ట్ గట్టిగా ఉండి, షోల్డర్ కొలత సరిగానే ఉంటే తప్పు అక్కడిది. దానికోసమే చేసిన కొలెట్ డై దొరుకుతుంది.

నెక్ సైజింగ్‌ను నేను ఒప్పుకునే చోటు ఒకటుంది, మనవాళ్లకు బాగా తెలిసిన త్రీ నాట్ త్రీ. లీ ఎన్‌ఫీల్డ్ .303 రిమ్ మీద ఆనుతుంది. చాంబర్లు యుద్ధకాలపు బురదలోనూ పనిచేయాలని వదులుగా కోసినవి, బోల్ట్‌ను మూసి పట్టి ఉంచే లగ్గులు వెనకవైపు ఉండటంతో యాక్షన్ కూడా కాస్త సాగుతుంది. కాల్చిన కేసు షోల్డర్ కొత్తదానికంటే ఎంత ముందుకు పోయిందో చూస్తేనే భయమేస్తుంది. దాన్ని ఫుల్ లెంగ్త్ డైలో మళ్లీ పుస్తకం కొలతకు నొక్కితే రెండు మూడు కాల్పుల్లో అడుగు ఊడుతుంది. నెక్ మాత్రమే నొక్కండి, లేదా ఫుల్ లెంగ్త్ డైని షోల్డర్‌ను అంటీ అంటనట్టు పైకి బిగించండి. ఇషాపూర్‌లో 7.62 నాటోకు చేసిన 2ఏ, 2ఏ1 రైఫిళ్లకు ఈ మాట వర్తించదు. వాటి తూటాకు రిమ్ ఆనిక లేదు; .308 డై తీసుకుని షోల్డర్ కొలిచే బిగించాలి, లోడ్ తేలిగ్గా ఉంచాలి.

ఒహాయో లాంటి చోట్ల జింకల వేటకు రైఫిల్ వాడితే తిన్నటి కేసు (నెక్, షోల్డర్ లేని) తూటాలే ఒప్పుకుంటారు కాబట్టి .350 లెజెండ్, .45-70 కొనేవాళ్లు పెరిగారు. వీటికి మూడు డైల సెట్టు కావాలి: సైజింగ్, నోరు కొంచెం వెడల్పు చేసేది, సీటింగ్. .45-70 రిమ్ మీద ఆనుతుంది, దానికి గట్టి రోల్ క్రింప్ వేయొచ్చు. .350 లెజెండ్ నోటి అంచు మీదే ఆనుతుంది. దానికి రోల్ క్రింప్ వేస్తే అంచు లోపలికి మడిచుకుపోయి ఆనడానికి ఏమీ మిగలదు, తూటా చాంబర్లో లోతుకు పోతుంది. టేపర్ క్రింప్ మాత్రమే, అదీ ముందు వెడల్పు చేసిన నోటిని తిన్నగా చేసేంత.

సీటింగ్ డైకి ఎక్కువ డబ్బు పెట్టడం నాకు సమ్మతమే, ముఖ్యంగా 6.5 క్రీడ్‌మూర్ లాంటి పొడవు బుల్లెట్లకు. ఫార్‌స్టర్, రెడ్డింగ్ డైల్లో కేసు మొత్తాన్నీ పట్టుకునే స్లీవ్ ఉంటుంది. బుల్లెట్ నెక్‌లోకి దిగకముందే రెండూ ఒకే గీతలో నిలబడతాయి. చూసుకోవాల్సింది బుల్లెట్‌ను కిందికి తోసే స్టెమ్. దాని గుంట బుల్లెట్ పక్క వంపును పట్టుకోవాలి, మొనను కాదు. మొనను నొక్కితే పొడవు తూటా తూటాకూ మారుతుంది. బుల్లెట్ మీద చుట్టూ గాటు పడుతుంటే స్టెమ్ అంచు పదునుగా ఉందని అర్థం, సన్న ఎమరీ కాగితంతో నున్నగా చేయండి. పౌడర్ బాగా నిండిన లోడ్‌లో నొక్కితే సన్నటి స్టెమ్‌లు పగులుతాయని తయారీదారులే చెప్తారు.

పాత డైలు కొంటే లోపల టార్చి వేసి చూడండి. నిలువు గీతలుంటే అవి ప్రతి కేసు మీదా అచ్చు పడతాయి. తుప్పు మచ్చ అయితే కేసు ఇరుక్కునే చోటు అదే. వాడేసిన ప్రైమర్‌ను బయటికి తోసే డికాపింగ్ పిన్ కూడా చూసుకోవాలి. మామూలు కేసు అడుగు రంధ్రం 0.080 అంగుళాలు, లపువా స్మాల్ ప్రైమర్ 6.5 క్రీడ్‌మూర్ కేసుల్లో 0.059 మాత్రమే. మామూలు పిన్‌తో వాటిని నొక్కితే పిన్ వంగుతుంది, లేదా కేసు పిన్‌కు కరుచుకుని డైలోనే వేలాడుతుంది. ఆ కేసులు వాడేవాళ్లు సన్న పిన్ ఒకటీ, దాని స్పేరు రెండూ డైతో పాటే ఆర్డరు పెట్టుకోవాలి.